చేయి వెనక్కి రాకపోయినా ఫర్వాలేదు, మోటారు చూడండి

అన్నా, దేవరకొండలో మీరు చూసిన పాత ఫుల్లీ ఆటోమేటిక్ టర్న్‌టేబుల్‌లో (రికార్డు ప్లేయర్‌లో) రికార్డు ముగిశాక ముల్లును మోసే చేయి దానంతట అది వెనక్కి రావడం లేదని, కొనాలా మానాలా అని అడిగారు. ఆ ఒక్క కారణంతో వదులుకోకండి.

నల్లగొండలో నేను కొన్నదానికీ ఇదే జబ్బు. రికార్డు పెట్టే పళ్లెం ఎత్తి చూస్తే, చేతిని నడిపించే పెద్ద పళ్లచక్రం మీద గ్రీజు తుమ్మబంకలా బిగుసుకుపోయి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త గ్రీజు పలుచగా రాశాను. చేయి మెల్లగా లేచి తన చోటికి వెళ్లి కూర్చుంది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు! అయితే చేతిని బలవంతంగా తోయకండి, పళ్లు విరిగితే విడిభాగాలు దొరకడం చాలా కష్టం.

నా భయమంతా మోటారు గురించే. వెనుక రేకు మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉండి, అది కరెంటు హెర్ట్జ్‌ను బట్టి వేగం మారే సింక్రోనస్ మోటారైతే, మన 50 హెర్ట్జ్ కరెంటుకు నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 28 దగ్గరే ఆగుతుంది, పాట నెమ్మదించి సాగదీసినట్టు వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సరిచేస్తుంది గాని వేగాన్ని కాదు. మోటారు మీదుండే చిన్న చక్రం, అంటే పుల్లీ, మార్చాలి. అది దొరక్కపోతే కొనవద్దు.

బెల్టు చిన్న ఖర్చే. ముల్లు మాత్రం దాన్ని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ నంబరుతో వెతికి, దొరుకుతుందని తేలాకే డబ్బు ఇవ్వండి.