టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్ తగిలించగానే తెర దిగి, ప్రొజెక్టర్ వెలగాలంటే

ప్రశ్న: విశాఖపట్నం సిరిపురంలోని మా కార్యాలయంలో 18 మంది కూర్చునే మీటింగ్ గది ఉంది. బల్ల కింద హెచ్‌డీబేస్‌టీ (బొమ్మను, ఆదేశాలను ఒకే నెట్‌వర్క్ తరహా కేబుల్‌లో దూరానికి పంపే పద్ధతి) ట్రాన్స్‌మిటర్‌ను, ఫాల్స్ సీలింగ్‌లో ప్రొజెక్టర్ పక్కన దాని రిసీవర్‌ను బిగించారు. బొమ్మ చక్కగా వస్తోంది కానీ ప్రతిసారీ రిమోట్ వెతికి ప్రొజెక్టర్ వేయాలి, గోడ స్విచ్‌తో మోటారు తెర దించాలి. ట్రాన్స్‌మిటర్ వెనుక ఆర్‌ఎస్‌-232 (తీగ ద్వారా ఆదేశాలు పంపే సీరియల్ పోర్టు), ఐఆర్ (రిమోట్ వాడే పరారుణ సంకేతం), రిలే పోర్టులు ఖాళీగా ఉన్నాయి. ఇవన్నీ వాటంతటవే జరిగేలా చేయవచ్చా?

జవాబు: తప్పకుండా చేయవచ్చు. ముందుగా మాన్యువల్‌లో ఒక్క విషయం చూడండి. కొన్ని ట్రాన్స్‌మిటర్లు హెచ్‌డీఎంఐ సిగ్నల్ రాగానే తమలో దాచి ఉంచిన ఆదేశాన్ని స్వయంగా పంపుతాయి. మరికొన్ని ఒక చివర అందిన ఆదేశాన్ని రెండో చివరకు చేరవేసి ఊరుకుంటాయి. మీది మొదటి రకమైతే సెట్టింగులతోనే పని పూర్తవుతుంది, రెండో రకమైతే ఆదేశాలిచ్చే చిన్న కంట్రోలర్ ఒకటి కొనక తప్పదు.

ప్రొజెక్టర్‌కు ఐఆర్ కన్నా ఆర్‌ఎస్‌-232 ఎంచుకోమని గట్టిగా చెబుతాను. చాలా రిమోట్లలో పవర్ బటన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి, ఎవరైనా అప్పటికే ప్రొజెక్టర్ వేసి ఉంటే ఐఆర్ ద్వారా వెళ్లిన అదే సంకేతం దాన్ని ఆపేస్తుంది. పైగా పని జరిగిందో లేదో తిరిగి చెప్పే దారి ఐఆర్‌కు లేదు. ఆర్‌ఎస్‌-232లో ఆన్‌కు, ఆఫ్‌కు వేర్వేరు ఆదేశాలుంటాయి, ప్రొజెక్టర్ జవాబు కూడా ఇస్తుంది. మామూలు సీరియల్ తీగ 15 మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుందని పాత లెక్క. హెచ్‌డీబేస్‌టీ మాత్రం బొమ్మ వెళ్లే క్యాట్6 కేబుల్‌లోనే ఈ సంకేతాన్నీ 100 మీటర్ల వరకు మోసుకుపోగలదు కనుక, మీరు కొత్తగా లాగవలసింది సీలింగ్‌లో రిసీవర్ నుంచి ప్రొజెక్టర్ దాకా ఒక చిన్న తీగ మాత్రమే. ఆ క్యాట్6 కేబుల్‌ను మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ గుండా మాత్రం పోనివ్వకండి. ప్లగ్గు ఒకేలా ఉన్నా అందులో నడిచేది ఈథర్‌నెట్ కాదు.

ఎక్కువ మంది తడబడేది ఆ చిన్న తీగ దగ్గరే. 9 పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులు పంపడానికి, అందుకోవడానికి, 5వది గ్రౌండ్‌కు. ఒకరు పంపేది ఇంకొకరు అందుకునే పిన్నుకు చేరాలి. ప్రొజెక్టర్ ఉలకకపోతే ఆ రెండు తీగలను తారుమారు చేసి చూడండి. అనుమానం తీరకపోతే కంప్యూటర్ సీరియల్ కేబుల్ చివర 2, 3 పిన్నులను చిన్న తీగ ముక్కతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాంలో (సీరియల్ పోర్టుకు అక్షరాలు పంపి, తిరిగి వచ్చినవి చూపే సాఫ్ట్‌వేర్) ఏదైనా అక్షరం కొట్టండి. అదే అక్షరం తెరపై తిరిగి కనిపిస్తే ఆ కేబుల్ వరకు లోపం లేనట్టే. సీరియల్ సంకేతం వేగం తరచుగా సెకనుకు 9600 బిట్లు ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్‌లో ఏముంటే దాన్నే రెండువైపులా పెట్టండి. స్టాండ్‌బై సెట్టింగ్ కూడా చూడండి. కరెంటు ఆదా చేసే స్టాండ్‌బైలో కొన్ని ప్రొజెక్టర్లు సీరియల్ పోర్టును నిద్రపుచ్చేస్తాయి, అప్పుడు ఎంత సరైన ఆదేశం పంపినా వినేవారుండరు.

ఇక తెర. రిలే అంటే ట్రాన్స్‌మిటర్ పెట్టెలో ఉన్న చిన్న స్విచ్ మాత్రమే, అది కరెంటు ఇవ్వదు. చాలా పెట్టెల్లో అది సుమారు 24 వోల్టుల పనికి ఉద్దేశించినది. 230 వోల్టుల మోటారు తీగను నేరుగా దానికి బిగిస్తే పెట్టె కాలిపోవచ్చు, బల్ల కింద చేయి పెట్టినవారికి ప్రాణాపాయం కూడా. తెర కంపెనీ అమ్మే తక్కువ వోల్టేజీ కంట్రోల్ బాక్సు తీసుకుని, బల్ల నుంచి దానికి సన్నని తీగ లాగించి, పైకి ఒక రిలేను, కిందికి మరొకటి కేటాయించండి. రెండూ ఒకేసారి పడకుండా ఆ బాక్సు అడ్డుకోగలగాలి, ఎందుకంటే పైకి, కిందికి తిప్పే చుట్టలకు ఒకే క్షణంలో కరెంటు అందితే మోటారు పాడవుతుంది. మెయిన్స్ వైపు పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

వెలిగించడం కన్నా ఆపడం గురించి ఎక్కువ ఆలోచించాలి. మాట్లాడుతుండగా ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకుంటే సిగ్నల్ పోతుంది. అది పోయిన మరుక్షణమే తెర పైకి చుట్టుకుపోతే అతిథుల ఎదుట ఎంత ఇబ్బందో ఊహించండి. కాబట్టి కనీసం 15 నిమిషాల గడువు పెట్టండి. ఆపడానికి ఆఫ్ ఆదేశమే పంపాలి తప్ప కరెంటు కోయకూడదు, ల్యాంపు ప్రొజెక్టర్‌లో ఫ్యాను చల్లబరచడం పూర్తికావాలి. ఆ సమయంలో చాలా ప్రొజెక్టర్లు ఆన్ ఆదేశాన్ని పట్టించుకోవు కూడా. మీ ప్రొజెక్టర్ నెట్‌వర్క్‌లో ఉండి పీజేలింక్‌ను (నెట్‌వర్క్ ద్వారా ప్రొజెక్టర్లను నడిపే ఉమ్మడి ఆదేశాల పద్ధతి) అర్థం చేసుకునేదైతే, 4352 పోర్టులో కంట్రోలర్ దాని స్థితిని ముందే అడగవచ్చు: 0 అంటే స్టాండ్‌బై, 1 వెలుగుతోంది, 2 చల్లబడుతోంది, 3 వేడెక్కుతోంది. 2 వస్తే కాసేపు ఆగి మళ్లీ పంపేలా రాయించండి.

మన ఊరి గాలి సంగతి కూడా చెప్పాలి. సముద్రపు తేమ, ఉప్పు కలిసి టెర్మినళ్ల రాగి తీగపై కొన్నాళ్లకు ఆకుపచ్చని పొర కడుతుంది. ఒకనాడు పనిచేసి మరునాడు మొరాయించే రిలే వెనుక కారణం చాలాసార్లు అదే. తీగ కొసలకు ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి బిగించి, ఏడాదికోసారి విప్పి చూడండి. కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టె ముందే లేచి, ప్రొజెక్టర్ ఇంకా సిద్ధం కాకముందే ఆదేశం పంపేస్తే అది వృథా అవుతుంది. అందుకే మొదటి ఆదేశానికి 30 సెకన్ల ఆలస్యం పెట్టించండి.

ప్రశ్న: గాజువాకలోని మా శిక్షణ గదిలో ప్రొజెక్టర్ లేదు, టీవీ ఒక్కటే ఉంది. మాకూ ఇంత శ్రమ అవసరమా?

జవాబు: అక్కర్లేదు. హెచ్‌డీఎంఐలో 13వ పిన్ను సీఈసీ అనే, ఒక పరికరం మరొకదాన్ని వేసి ఆపే ఆదేశాల కోసమే ఉంది. ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆ ఆదేశాలు పంపవు కనుక, సిగ్నల్ రాగానే వాటిని తానే పంపే ట్రాన్స్‌మిటర్ చూసి కొనండి. టీవీ సెట్టింగుల్లో సీఈసీని ఆన్ చేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది కాబట్టి మెనూలో కాస్త ఓపికగా వెతకాలి. కొనే ముందు మీ టీవీతోనే దుకాణంలో పరీక్షించి చూడండి, అన్ని టీవీలూ అన్ని ఆదేశాలకూ ఒకేలా స్పందించవు.