పిస్టల్ కొనడానికి ముందు ఆరు నెలలు

ప్రశ్న: మాది ఉప్పల్. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. వేసవి శిబిరంలో నెల రోజులు ఎయిర్ పిస్టల్ పట్టుకున్నప్పటి నుంచి షూటింగే నేర్చుకుంటానని పట్టుబట్టింది. సొంత పిస్టల్ ఉంటేనే ముందుకు వెళ్తుందని అక్కడివారు చెప్పారు. రెండు లక్షల దాకా అవుతుందట. వచ్చే ఏడాది పదో తరగతి కాబట్టి చదువు దెబ్బతింటుందని మా ఆవిడ భయం. ఎలా మొదలుపెట్టాలి? ఈ ఆటకు భవిష్యత్తు ఉందా? అమ్మాయికి కళ్లద్దాలు ఉన్నాయి, గురి కుదురుతుందా?
- ఒక తండ్రి

జవాబు: మీరు అడిగినవాటిలో డబ్బు విషయానికి ముందుగా జవాబు చెబుతాను. తొందరపడితే వెనక్కి తీసుకోలేనిది అదొక్కటే. పిస్టల్ ఇప్పుడే కొనకండి. కనీసం ఆరు నెలలపాటు రేంజ్‌లో అందరికీ ఇచ్చే పిస్టల్‌తోనే నేర్చుకోనివ్వండి. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు వచ్చిన ఒక తండ్రి, కొడుకు అడిగిందే తడవుగా జర్మనీ తయారీ పిస్టల్ కొనిచ్చారు. ఆ అబ్బాయి నాలుగు నెలలు ఉత్సాహంగా వెళ్లి, స్కోరు ఒకచోట ఆగిపోయేసరికి విసుగెత్తి మానేశాడు. ఆ పిస్టల్ ఇప్పటికీ వాళ్లింటి బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఇందులో అబ్బాయి తప్పేమీ లేదు. తనకు నచ్చింది షూటింగా, పిస్టలా అన్నది తేలకముందే బేరం కుదిరిపోయింది.

ఈషా సింగ్ పేరు మీ ఇంట్లో ఈపాటికి చాలాసార్లు వినిపించి ఉంటుంది. మన హైదరాబాద్ అమ్మాయి. తొమ్మిదేళ్ల వయసులో మొదలుపెట్టి, 2018లో 13 ఏళ్లకే సీనియర్ మహిళల ఎయిర్ పిస్టల్ జాతీయ విజేత అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది, పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆడింది. ఆమెను చూసి స్ఫూర్తి పొందడం మంచిదే. కానీ మీరు తూకం వేయవలసింది 2018 నాటి ఆ పతకాన్ని కాదు. 2014 నుంచి 2018 దాకా, ఎవరూ చూడని ఆ నాలుగేళ్లలో రోజూ ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయగల ఓపిక మీ అమ్మాయికి ఉందా లేదా అన్నదాన్నే.

ఎందుకంటే చూసేవారికి ఈ ఆటలో కదలికే కనిపించదు. ఒంటి చేత్తో, ఏ ఆసరా లేకుండా, పది మీటర్ల దూరంలోని గురిపలకను 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, అంటే మన చొక్కా బొత్తాం అంత. మొత్తం 600 పాయింట్లు. కాల్పుకు సగటున 8 వస్తే 480 అవుతుంది, అది కొత్తవారికి నిరాశపడవలసిన స్కోరేమీ కాదు. పారిస్‌లో మను భాకర్ ఫైనల్‌కు చేరిన స్కోరు 580, అంటే కాల్పుకు సగటున 9.67. 8కీ 9.67కీ మధ్య ఉన్న ఆ కాస్త దూరాన్ని దాటడానికే ఏళ్లు పడతాయి. దాటించేది ఖరీదైన పిస్టల్ కాదు, మొదటి ఆరు నెలల్లో పడిన పునాది.

ఆ పునాది గురించి కొంచెం వివరంగా చెబుతాను. రేంజ్‌లో ఏం జరుగుతోందో తెలిస్తేనే అది మంచి శిక్షణో కాదో మీరు పోల్చుకోగలరు. పిస్టల్ మీద వెనుక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మె ఉంటాయి. వాటినే వెనుక సైట్, ముందు సైట్ అంటారు. గాడి మధ్యలో దిమ్మె సమానంగా, రెండు పక్కలా ఒకే వెలుతురు కనిపించేలా నిలబడాలి. ఈ రెంటి మధ్య దూరం దాదాపు 32 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందంటే, పది మీటర్ల దూరం వెళ్లేసరికి ఆ తేడా 31 మిల్లీమీటర్లు అవుతుంది, పది రావలసిన చోట ఏడు వస్తుంది. అదే సైట్లు చక్కగా కుదిరి ఉండి, చేయి మొత్తంగా అయిదు మిల్లీమీటర్లు పక్కకు ఊగిందనుకోండి, పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో పెట్టే చిన్న గుండు) కూడా అయిదు మిల్లీమీటర్లే పక్కన తగులుతుంది, పదికి పదీ వస్తుంది. అంటే చేయి ఊగడం సహజం, దాన్ని క్షమించవచ్చు, సైట్ చెదిరితే క్షమాపణ లేదు. కొత్తవారు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. చేయి ఊగుతోందని బెంగపడి, గురిపలకను కళ్లప్పగించి చూస్తారు. కన్ను ఏకకాలంలో దగ్గరనూ దూరాన్నీ స్పష్టంగా చూడలేదు కనుక అప్పుడు సైట్ మసకబారుతుంది. స్పష్టంగా కనిపించవలసింది ముందు సైట్, మసకగా ఉండవలసింది గురిపలక. అందుకే గురిపలక మీది నల్లటి వృత్తం మధ్యలోకి కాకుండా, దాని కింద ఉన్న తెల్లటి భాగంలో సైట్‌ను నిలిపి కాల్చడం నేర్పుతారు.

రెండోది ట్రిగ్గర్. నియమం ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి. పోటీకి ముందు పిస్టల్‌ను నిలువుగా పట్టి, ట్రిగ్గర్‌కు అర కిలో తూకం తగిలించి మరీ పరీక్షిస్తారు. ఆ అర కిలోను వేలి కొసతో, మిగిలిన చేతికి తెలియకుండా, తిన్నగా వెనక్కి లాగాలి. నిరుడు నగరంలోని ఒక రేంజ్‌లో నేను చూసినది చెబుతాను. కోచ్ అటు తిరిగి పిస్టల్‌ను సిద్ధం చేసి ఒక అమ్మాయి చేతికిస్తున్నాడు. లోపల పెల్లెట్ ఉందో లేదో ఆమెకు తెలియదు. మూడుసార్లు పేలింది. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కగానే ‘టిక్’ అన్న శబ్దమే వచ్చింది, కానీ పిస్టల్ మూతి మాత్రం బెత్తెడు కిందికి దిగింది. పేలుడు వస్తుందన్న భయంతో మణికట్టు తనంతట తానే ముడుచుకుపోయిందన్న మాట. ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. పెల్లెట్ ఉన్న మూడుసార్లూ ఆ తప్పు జరుగుతూనే ఉంది, చప్పుడు మాటున కనిపించలేదంతే. అలాంటి పరీక్ష పెట్టే కోచ్ దొరికితే వదులుకోకండి.

అందుకే మొదటి నెలల్లో పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్, వలయాలు లేని తెల్ల కాగితం మీద కాల్చడం, ఈ రెండే ఎక్కువగా ఉండాలి. కాగితం మీద అంకెలు లేకపోతే స్కోరు ఆశ ఉండదు, కన్ను సైట్ మీదే ఉంటుంది. నిలబడే తీరు, పిస్టల్ పట్టు కూడా ముఖ్యమే. అవి మనిషి శరీరాన్ని బట్టి మారతాయి కాబట్టి కోచ్ పక్కన ఉండి సరిదిద్దవలసిందే, నేను రాసి చెప్పలేను. ఒక్క పరీక్ష మాత్రం చెబుతాను. కళ్లు మూసుకుని చేయి పైకెత్తి, గురి అనుకున్న చోటికి దించి, కళ్లు తెరిచి చూడాలి. పిస్టల్ గురిపలకకు పక్కగా ఉంటే చేతిని జరపకూడదు, పాదాలను జరపాలి. చేత్తో సర్దుకున్న గురి అలసిపోగానే పాత చోటికే వెళ్లిపోతుంది.

మరొక అలవాటు కాల్చకుండా దించడం. చేయి నిలకడగా ఉండేది కొన్ని క్షణాలే. ఎనిమిది, పది సెకన్లు దాటినా కాల్పు రాకపోతే కన్ను అలిసి, ‘ఇప్పుడు నొక్కేయ్’ అని మనసు తొందరపెడుతుంది. అప్పుడు నొక్కకుండా చేయి దించి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టడం నేర్చుకోవాలి. పిల్లలకు ఇదే అన్నిటికన్నా కష్టం. పేలిన తరువాత కూడా రెండు సెకన్లు చేయి దించకుండా సైట్‌ను చూస్తూ నిలబడాలి, లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తనకే తెలియదు.

సొంత పిస్టల్ లేనప్పుడు ఇంట్లో ఏం చేయాలని మీకు సందేహం రావచ్చు. లీటరు నీళ్ల సీసా బరువు కిలో, పోటీ పిస్టల్ బరువు కూడా ఇంచుమించు అంతే. సీసాను చేయి చాచి భుజం ఎత్తులో ఇరవై సెకన్లు నిలపడం, నిమిషం విశ్రాంతి ఇచ్చి మళ్లీ ఎత్తడం, ఇలా పదిసార్లు చాలు. అయితే వారానికి నాలుగు రోజులకు మించవద్దు. పెరిగే వయసులో భుజం నొప్పి తెచ్చుకుంటే సీజన్ మొత్తం పోతుంది. రేంజ్ నుంచి రాగానే ఏం బాగా కుదిరింది, ఎక్కడ తొందరపడింది అన్నది నోటు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాయించండి. స్కోరు రాయకపోయినా ఫరవాలేదు, ఇది రాయాలి. ఆరు నెలల తరువాత ఎవరూ గుర్తు చేయకుండానే ఆ పుస్తకం నిండుతుంటే, మీ డబ్బు వృథా కాదని నమ్మవచ్చు.

శిక్షణ ఎక్కడ అన్నది మీ ఇంటి నుంచి దూరాన్ని బట్టి నిర్ణయించుకోండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ షూటింగ్ రేంజ్ ఉంది. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉన్నా, అక్కడి నుంచి ఆటో కలుపుకుంటే రానూపోనూ పూట గడిచిపోతుంది. బడి ఉన్న రోజుల్లో అది సాగదు. ఇంటికి దగ్గరలో పది మీటర్ల రేంజ్ ఏదైనా ఉంటే వారంలో మూడు రోజులు అక్కడా, సెలవు రోజుల్లో పెద్ద రేంజ్‌లోనూ కాల్చడం మేలు. చేర్పించే ముందు ఒక కోచ్‌కు ఎంతమంది పిల్లలు ఉన్నారు, పెల్లెట్ల ఖర్చు ఫీజులో కలిసి ఉందా, రాష్ట్ర రైఫిల్ సంఘం పోటీలకు వాళ్ల ద్వారా పేరు నమోదు చేయవచ్చా అని అడగండి. అలాగే ఒక గంట వెనుక బల్ల మీద కూర్చుని చూడండి. పిస్టల్ మూతి ఎప్పుడూ గురిపలకల వైపే ఉంటోందా, కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉంటోందా, ‘స్టాప్’ అనగానే అందరూ ఆగుతున్నారా? ఇందులో ఏది లోపించినా, గోడ మీద ఎన్ని పతకాల ఫొటోలు ఉన్నా అక్కడ చేర్పించవద్దు.

పోటీలు రాష్ట్ర స్థాయితో మొదలై, అర్హత స్కోరు సాధించినవారికి దక్షిణ మండల పోటీలు, ఆపైన జాతీయ ఛాంపియన్‌షిప్‌గా సాగుతాయి. వీటిని నడిపేది 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిల్ సంఘం. సబ్ యూత్, యూత్, జూనియర్ అని వయసు వారీ విభాగాలు ఉన్నందున మీ అమ్మాయి మొదట్లోనే పెద్దవాళ్లతో తలపడవలసిన పనిలేదు. మొదటి రాష్ట్ర పోటీకి ఏడాది గడువు పెట్టుకోండి.

మీ ఆవిడ భయం గురించి. పదో తరగతి నిజానికి పెద్ద అడ్డంకి కాదు. వారానికి ఆరేడు గంటల సాధనను మార్చి పరీక్షల ముందు రెండు నెలలు సగానికి తగ్గించవచ్చు. ఈ ఆటలో అలవడే ఏకాగ్రత చదువుకు పనికొస్తుందని అందరూ చెప్పేదే, నేను దాన్ని మరీ సాగదీయను. అసలు చిక్కు ఇంటర్‌లో ఉంది. మన ఊళ్లో ఎంపీసీ, బైపీసీ పిల్లలను పొద్దున ఏడింటికి లోపలికి పంపి, రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే కాలేజీలే ఎక్కువ. నాకు తెలిసిన షూటర్లలో చాలామంది ఆగిపోయింది అక్కడే. మీ అమ్మాయి అప్పటికి రాష్ట్ర పోటీల్లో నిలదొక్కుకుని ఉంటే, హాస్టల్ కాలేజీ మాట పక్కనపెట్టి, సాయంత్రం నాలుగింటికి ఇంటికి పంపే కాలేజీని వెతకండి. ఈ నిర్ణయాన్ని భార్యాభర్తలిద్దరూ ముందే మాట్లాడుకోవాలి. రెండు లక్షల కన్నా పెద్ద పెట్టుబడి అదే.

భవిష్యత్తు ఉందా అంటే, పతకం మీద ఆధారపడిన భవిష్యత్తు కొద్దిమందికే దక్కుతుంది. గగన్ నారంగ్ ఈ ఊరి నుంచే వెళ్లి 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు, కానీ అది పదేళ్లకు ఒకరి కథ. జాతీయ స్థాయిలో ఆడినవారికి రైల్వేలు, సైన్యం, పోలీసు శాఖ, కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు క్రీడా కోటాలో ఉద్యోగాలు ఇస్తున్నాయి. రాష్ట్ర నియామకాల్లోనూ, వృత్తివిద్యా కోర్సుల్లోనూ క్రీడా కోటా ఉంది. అయితే ఏ స్థాయి పోటీ సర్టిఫికెట్ చెల్లుతుందన్నది నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంది. పోటీకి వెళ్లిన ప్రతిసారీ సర్టిఫికెట్, ఫలితాల ప్రతి భద్రపరచండి. ఆట మీద ప్రేమ మిగిలి స్కోరు ఆగిపోయినవారికి కోచింగ్, పోటీల్లో జడ్జి బాధ్యతలు కూడా దారులే. చదువును మాత్రం ప్రధాన దారిగానే ఉంచండి.

ఆరు నెలలు గడిచాక పిస్టల్ కొనే మాట వస్తే, మొదట చూడవలసింది బ్రాండ్ కాదు, చేతిపిడి. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తుంది, అరచేతిలో ఖాళీ లేకుండా ఇమడాలి. ఈ వయసులో చెయ్యి ఇంకా పెరుగుతుంది కనుక పిడి విడిగా మార్చుకునే వీలున్న దాన్ని ఎంచుకోండి. మంచి స్థితిలో ఉన్న సెకండ్‌హ్యాండ్ పిస్టల్‌ను కోచ్ చేత పరీక్ష చేయించి తీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు అవసరం లేదు. ముందుముందు 25 మీటర్ల పోటీకి వాడే .22 పిస్టల్‌కు మాత్రం అవసరం. కొన్న బిల్లును, సంఘం సభ్యత్వ కార్డును పిస్టల్ పెట్టెలోనే ఉంచండి. లైసెన్సు అక్కర్లేదు కదా అని ఆ పెట్టెతో మెట్రో తనిఖీ దగ్గరకు వెళ్తే ఎదురయ్యే ప్రశ్నలు వేరు, సొంత బండిలో తీసుకెళ్లడమే సుఖం.

ఇక కళ్లద్దాలు. అవి అడ్డంకి కావు, పోటీ నియమాలు కూడా అనుమతిస్తాయి. స్పష్టంగా చూడవలసింది చేయి చాచినంత దూరంలో ఉన్న ముందు సైట్‌నే అని పైన చెప్పాను కాబట్టి, దూరపు చూపు కాస్త తగ్గినా నష్టం లేదు. తల కొంచెం పక్కకు తిప్పి నిలబడినప్పుడు చూపు అద్దం అంచు నుంచి కాకుండా మధ్య నుంచి వెళ్తోందో లేదో కోచ్ చేత చూపించండి, లేకపోతే కాస్త వెడల్పు ఫ్రేము తీసుకోండి. కంటి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, సైట్ ఎంత దూరంలో ఉంటుందో అమ్మాయి చేయి చాచిన కొలత టేపుతో తీసి చెప్పండి. మూసుకునే కంటి ముందు ఒక చిన్న తెల్లని అట్టముక్క తగిలిస్తే రెండు కళ్లూ తెరిచే కాల్చవచ్చు, దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకూడదన్నది నిబంధన.