ర్యాంకు వచ్చేలోగా కాగితాలు సర్దుకో

నెల్లూరు,
26-5-2025

అమ్మాయీ,

నీట్ రాసి ఇంటికి చేరావనీ, పొద్దస్తమానం జవాబుల కీ ముందేసుకుని మార్కులు లెక్కేసుకుంటున్నావనీ మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఆ కాగితం ఇక మడిచి పెట్టు. రాసింది మారదు. జూన్ 14 కల్లా ఫలితాలంటున్నారు. ఈలోగా, ఎండ ముదరకముందే పొద్దున పూట తిరిగి చేసుకోవాల్సిన పని ఉంది. ర్యాంకు వచ్చాక సీటు చేజారడమంటూ జరిగితే అది చాలాసార్లు కాగితాల దగ్గరే. స్టడీ సర్టిఫికెట్‌లో ఒక ఏడాది తప్పు పడినా, కులం కాగితం ఒక నమూనాకు బదులు ఇంకో నమూనాలో ఉన్నా, ర్యాంకు నీది, సీటు వేరొకరిది.

అన్నిటికంటే ముందు నువ్వు ఏ లోకలో తేల్చుకో. మన రాష్ట్రంలో మెడికల్ సీట్లకు రెండు ప్రాంతాలున్నాయి. పాత జిల్లాల లెక్కన శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. నెల్లూరు, చిత్తూరు, కడప, కర్నూలు, అనంతపురం శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. ఏయూ, ఎస్వీయూ అని అందరూ అనేది వీటినే. ఒంగోలు నుంచి నెల్లూరు రెండు గంటల దారే గానీ, సీట్ల లెక్కలో ఆ రెంటి నడుమ గట్టి సరిహద్దుంది. ఏ ప్రాంతంలోని కాలేజీ అయినా కన్వీనర్ కోటా, అంటే రాష్ట్రం మెరిట్ మీద తక్కువ ఫీజుకు ఇచ్చే సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం లోకల్ వాళ్లకే. మిగిలిన 15 శాతానికి మాత్రం రెండు వైపుల వాళ్లూ మెరిట్ మీద పోటీ పడతారు.

లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్‌లో ఉన్న ఇల్లూ కాదు. చదివిన చోటు. 9, 10, ఇంటర్ రెండేళ్లు, ఈ నాలుగూ వరుసగా ఒకే ప్రాంతంలో చదివితే అక్కడి లోకల్. అట్టా కుదరకపోతే 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు లెక్కలోకి తీసుకుని, ఎక్కువ ఏళ్లు ఏ ప్రాంతంలో గడిస్తే అక్కడి లోకల్ అంటారు. నీకు 6 నుంచి 10 దాకా సింగరాయకొండ, ఇంటర్ నెల్లూరు. నాలుగేళ్ల లెక్క తెగిపోయింది. ఏడేళ్లలో ఐదు ప్రకాశం జిల్లావి కాబట్టి నువ్వు ఏయూ లోకల్. రెండేళ్లు నెల్లూరు హాస్టల్లో ఉన్నావు గదా అని ఇక్కడి ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ మెడికల్ కాలేజీ మీద ఆశ పెంచుకోవద్దు. ఇక్కడ నీకున్నది ఆ 15 శాతంలో చోటే. ఒంగోలు, గుంటూరు, కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం నీకు సొంత ప్రాంతం. మీ తమ్ముడి సంగతి వేరు. వాడు 9 నుంచి నెల్లూరులో చదువుతున్నాడు గనక ఇంటర్ కూడా ఇక్కడే చేస్తే ఎస్వీయూ లోకల్ అవుతాడు. ఒకే ఇంట్లో ఇద్దరికీ రెండు లోకల్‌లు. అందుకే వాణ్ణి ఇంటర్‌కు విజయవాడ పంపాలని మీ నాయన అనుకుంటే ఈ లెక్క చూసుకుని పంపమను. ఇంకొకటి, ఇంటర్ అయ్యాక చేసే లాంగ్‌టర్మ్ కోచింగ్ ఏడాది ఈ లెక్కలోకి రాదు. అది ఎక్కడ చేసినా లోకల్ మారదు.

ఇదంతా నువ్వు నోటితో చెబితే చెల్లదు. స్టడీ సర్టిఫికెట్లే సాక్ష్యం. 6 నుంచి 10 వరకు ఒకే కాగితం మీద ఇచ్చినా ఫర్వాలేదు. కానీ ఏ తరగతి ఏ విద్యా సంవత్సరమో వరుసగా రాసి ఉండాలి. ‘6 నుంచి 10 వరకు మా బడిలో చదివెను’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి ఇస్తారు, అది తీసుకోవద్దు. నువ్వు పది 2023 ఏప్రిల్‌లో రాశావు గనక 6వ తరగతి 2018-19, 7 అంటే 2019-20, 8 అంటే 2020-21, 9 అంటే 2021-22, 10 అంటే 2022-23. కరోనా మూలంగా 2020-21లో బడి సరిగా జరగలేదని కొన్నిచోట్ల గుమాస్తాలు ఆ ఏడాది వదిలేస్తారు. వదిలితే ఏడేళ్ల వరుస తెగిపోతుంది. రిజిస్టర్లో పేరున్నది కాబట్టి రాయించుకో. హెడ్మాస్టర్ సంతకం, బడి ముద్ర, బడికున్న గుర్తింపు నంబరు ఉండాలి. దిద్దుబాటు ఎక్కడా ఉండకూడదు. ఉంటే కొత్త కాగితం అడుగు. బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలి. అక్కడ ఆలస్యమవుతుంది గనక ఆ పని ముందు.

ఇంటర్ సర్టిఫికెట్‌కు ఇంకో తిరకాసుంది. పిల్ల కూర్చున్న క్యాంపస్ ఒకటి, పేరు నమోదైన కాలేజీ ఇంకొకటి కావడం మన రాష్ట్రంలో కొత్తేమీ కాదు. హాల్‌టికెట్ తీసి అందులో ఉన్న కాలేజీ పేరు, ఊరు చూడు. స్టడీ సర్టిఫికెట్, టీసీ ఆ కాలేజీ పేరుతోనే రావాలి. ఆ ఊరు ఏ ప్రాంతంలో ఉందో దాన్ని బట్టే ఆ రెండేళ్లు లెక్క.

కులం కాగితం ఒకటి కాదు, రెండు కావాలి. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు తహశీల్దారు ఇచ్చే బీసీ సర్టిఫికెట్ చాలు. ఇంట్లో ఉన్నదే పనికొస్తుంది. కేంద్రం వాళ్ల కౌన్సెలింగ్‌లో ఓబీసీ రిజర్వేషన్ కావాలంటే కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే బాగా ఉన్నవాళ్ల కిందికి రామని చెప్పే కాగితం ఉండాలి. అది ఈ ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందై ఉండాలి. నీట్ దరఖాస్తులో ఓబీసీ అని పెట్టి, చేతిలో రాష్ట్ర బీసీ కాగితం మాత్రమే పట్టుకుని కాలేజీకి వెళ్లినవాళ్లు వెనక్కి రావాల్సిందే. రాష్ట్రంలో బీసీ అయిన కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు కాబట్టి ముందు జాబితాలో మన కులం పేరు ఉన్నది ఉన్నట్టు చూసుకో. 8 లక్షల ఆదాయ పరిమితి చూసేటప్పుడు జీతం, సేద్యం మీద వచ్చేది కలపరు. పొగాకు అమ్మిన డబ్బు చూసి మీ నాయన భయపడాల్సిన పని లేదు. సచివాలయంలో దరఖాస్తు పెడితే వీఆర్వో, ఆర్ఐ, తహశీల్దారు ముగ్గురి చేతులూ దాటాలి. ఫలితాలు వచ్చాక పెడితే అందరూ ఒక్కసారే వస్తారు. ఈ వారమే పెట్టు. ఆదాయ ధ్రువీకరణా అప్పుడే తీసుకో. నీ స్నేహితురాలు ఈడబ్ల్యూఎస్, అంటే ఓసీ పేదల కోటా కదా, ఆ సర్టిఫికెట్ కూడా ఏటేటా కొత్తది కావాలని ఆ పిల్లకు చెప్పు.

పేరు సంగతి. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటే ఇప్పుడే ఆధార్ మార్పించు. పది మెమోయే అన్నిటికీ మూలం. దాన్ని కదపొద్దు, మిగిలినవి దానికి సరిపోయేలా చేసుకోవాలి.

దరఖాస్తులు రెండు దారుల్లో పెట్టాలి. మొదటిది ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీది. దేశంలోని ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు, మంగళగిరితో సహా ఎయిమ్స్‌లు, పుదుచ్చేరిలోని జిప్‌మర్, డీమ్డ్ యూనివర్సిటీలు (యూనివర్సిటీ హోదా ఉన్న ప్రైవేటు సంస్థలు) దాని చేతిలో ఉన్నాయి. రెండోది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. నీకు సీటు రావడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే. అయినా రెండూ పెట్టు. కేంద్రం దానిలో ఓబీసీకి రిజిస్ట్రేషన్ 500, డిపాజిట్ 5,000. డీమ్డ్ యూనివర్సిటీలు కూడా ఎంచుకుంటే రిజిస్ట్రేషన్ 5,000, డిపాజిట్ 2 లక్షలు. ఆ ఫీజులు మనవల్ల కావు కాబట్టి డీమ్డ్ గడి నొక్కకు. డిపాజిట్ వెనక్కి వచ్చేది ఏ ఖాతా నుంచి కట్టామో ఆ ఖాతాకే. నెట్ సెంటర్ అతని కార్డుతో కట్టి చేతికి నోట్లు ఇచ్చే అలవాటుంది మన ఊళ్లలో. అట్టా చేస్తే ఆ డబ్బు అతనికే పోతుంది. మీ నాయన ఖాతాతోనే కట్టండి. పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉండాలి. ఓటీపీ వచ్చే సిమ్ కౌన్సెలింగ్ అయ్యేదాకా మార్చొద్దు.

కేంద్రంలో మొదటి రౌండ్ సీటు వచ్చినా చేరకపోతే నష్టం లేదు. రెండో రౌండ్‌లో వచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండ్‌లో చేరినవాళ్లు ఇక వేరే కౌన్సెలింగ్‌లకు వెళ్లలేరు. మిగిలిన సీట్లకు జరిపే ఆఖరి స్ట్రే రౌండ్‌లో సీటు తీసుకుని చేరకపోతే మరుసటి ఏడాది కూడా దారి మూసేస్తారు. రౌండ్ ముందుకు పోయేకొద్దీ ముడి బిగుస్తుంది. దూర రాష్ట్రాల కాలేజీలు సరదాకి పెట్టకు.

రాష్ట్రంలో కన్వీనర్ కోటాకు ఒక నోటిఫికేషన్, మేనేజ్‌మెంట్ కోటాకు వేరే నోటిఫికేషన్ ఇస్తారు. నీది కన్వీనర్ కోటా. ప్రైవేటు కాలేజీల్లోనూ సగం సీట్లు ఈ కోటావే. ఒక విషయంలో మోసపోవద్దు: 2023 నుంచి వచ్చిన కొత్త ప్రభుత్వ కాలేజీలు, అంటే విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల, ఆ తర్వాతి ఏడాది పాడేరు, వీటిలో బీ కేటగిరీ సీట్లూ ఉన్నాయి. పేరు ప్రభుత్వ కాలేజీయే గానీ ఆ సీటుకు ఏడాదికి లక్షల్లో ఫీజు. ఆప్షన్ పెట్టేటప్పుడు కాలేజీ పేరుతో పాటు కేటగిరీ కూడా చదువు.

అప్‌లోడ్ చేసే కాగితాలన్నీ అసలు ప్రతుల నుంచి రంగుల్లో స్కాన్ చేయించు. ఫోన్‌తో ఫోటో తీస్తే అంచులు తెగి నీడ పడుతుంది, నంబరు కనబడక పక్కన పెడతారు. మెరిట్ జాబితా వచ్చిన రోజే నీ పేరు ఎదురుగా కేటగిరీ, లోకల్ సరిగా పడ్డాయో లేదో చూడు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాలా చిన్నది. ఏయూకు బదులు ఎస్వీయూ అని పడి, అది చూడకుండా ఊరుకుంటే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

ఆప్షన్ల దగ్గర చాలామంది తెలివి తప్పు దారి పడుతుంది. ‘గుంటూరు ఎట్టాగూ రాదు, ఒంగోలు మొదట పెడదాం’ అంటారు. కంప్యూటర్ నీ ర్యాంకు దగ్గరికి వచ్చాక నీ మొదటి ఆప్షన్ ఖాళీగా ఉందా అని చూస్తుంది, లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. పైన పెద్ద కాలేజీ పెట్టినందుకు కిందది పోదు. కింద పెట్టాల్సింది పైన పెడితే మాత్రం నీకు ఎక్కువ ఇష్టమైన కాలేజీ ఖాళీగా ఉన్నా నీకు రాదు. కాబట్టి ఇష్టం ప్రకారం వరుస పెట్టు, అవకాశం ప్రకారం కాదు. ఇచ్చినా చేరను అనుకున్న కాలేజీ ఒక్కటే వదిలెయ్. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టమంటే, చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మేలనుకున్నవే పెట్టు. పై సీటు వచ్చిందంటే పాతది ఆ క్షణమే ఇంకొకరికి వెళ్లిపోతుంది.

పోయినేడాది ఆఖరి ర్యాంకులు చూసుకో, మార్కులు చూడొద్దు. 2024లో 720కి 720 వచ్చినవాళ్లే 17 మంది. ఈసారి ఫిజిక్స్ ఎంత కష్టంగా వచ్చిందో నీకు తెలుసు, ఆ మార్కులతో ఈ మార్కులు పోల్చి ఏడవడం శుద్ధ దండగ. ర్యాంకు చూసేటప్పుడు కూడా ఏయూ, బీసీలో నీ గ్రూపు, అమ్మాయిలు అన్న వరుసే చూడు. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు ఉన్నాయి.

నెల్లూరు బస్టాండు నుంచి చెన్నై దాకా ‘మేనేజ్‌మెంట్ సీటు నేను ఇప్పిస్తా’ అనేవాళ్లు ఈ నెలంతా ఫోన్లు చేస్తారు. నీట్ ర్యాంకు, కౌన్సెలింగ్ లేకుండా ఈ దేశంలో ఎంబీబీఎస్ సీటు లేదు. అడ్వాన్సు అని అడిగిన మరుక్షణం ఫోన్ పెట్టెయ్యమని మీ నాయనకు గట్టిగా చెప్పు. ఆయన మెతక. బయటి దేశం మాట వస్తే, అక్కడ కనీసం 54 నెలల చదువు ఇంగ్లీషులో ఉండాలి, అదే చోట ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండాలి, వచ్చాక ఇక్కడ పరీక్ష పాసవ్వాలి. ఈ మూడూ తేలకుండా ఒక్క రూపాయి కట్టొద్దు.

చేరేటప్పుడు అసలు ప్రతులన్నీ కాలేజీలో ఉండిపోతాయి. ముందే ఐదు సెట్లు జిరాక్స్ తీయించి, గెజిటెడ్ అధికారితో సంతకం పెట్టించి ఉంచు. చేరేందుకు ఇచ్చే గడువు కొద్ది రోజులే, మధ్యలో ఆదివారం పడుతుంది. ఫీజు డబ్బు ముందే ఖాతాలో ఉండాలి. మధ్యలో చదువు మానేస్తే కట్టాల్సిన మొత్తానికి బాండు రాయించుకుంటారు, అది చదివి సంతకం పెట్టండి.

బడి తెరిచేదాకా ఆగకు. హెడ్మాస్టర్ గారు పొద్దున పది లోపల ఆఫీసులో ఉంటారేమో కనుక్కుని మీ నాయనను వెంటబెట్టుకుని వెళ్లు. మృగశిర కార్తె వచ్చేలోగా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లూ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. తరగతికి ఎదురుగా ఏడాది సరిపోయిందో లేదో నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాయన