మూర్ మీద ఊరికి వెళ్తున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

అక్టోబరు మొదటి వారంలో అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని డార్ట్‌మూర్ వెళ్తున్నావనీ, వైడ్‌కోంబ్ దగ్గర ఇల్లు అద్దెకు తీసుకున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ గడ్డికప్పు ఇంటి ఫొటో చూసి తెగ మురిసిపోతోంది. మంచి చోటే ఎంచుకున్నావు. కాకపోతే రెడింగ్‌లో అలవాటైనట్టు, ఏం కావాలన్నా పది నిమిషాల్లో తెచ్చుకోవచ్చులే అనుకుని మాత్రం బయలుదేరకు. అక్కడ పాలు అయిపోతే కొండ దిగాలి. పొగమంచు కమ్మితే ఆ దిగడమూ ఉండదు. ఇన్నేళ్ళుగా ఇంగ్లండులో ఈ డెవన్ వైపే ఉంటున్నదాన్ని కాబట్టి తోచినవన్నీ రాస్తున్నాను. పొడుగైందని విసుక్కోకు. నీకు ఓపిక లేకపోతే కోడలికివ్వు, ఆ పిల్ల చదువుతుంది.

ముందు మీ నాన్నకు ఒక మాట చెప్పి తీసుకురా. డార్ట్‌మూర్ జాతీయ పార్కు అనగానే మన నల్లమలలో లాగా అటవీశాఖ గేటు, టికెట్టు ఉంటాయనుకుంటారు. 1951లో పార్కుగా ప్రకటించిన ఈ 954 చదరపు కిలోమీటర్లలోనే ఊళ్ళు, బడులు, పొలాలు, పబ్బులు అన్నీ ఉన్నాయి. ఎత్తు మీద చెట్టూ చేమా లేని బయలు కనిపిస్తుంది చూడు, మూర్ అనేది దాన్నే, దానికీ యజమానులున్నారు. ఆ బయలులో పశువుల్ని మేపుకునే హక్కు చుట్టుపక్కల రైతులకు తరతరాలుగా ఉంది. వాళ్ళను కామనర్లంటారు. మీరు సెలవులకు వెళ్ళేది వాళ్ళు పనిచేసుకునే చోటికి. మిగతా జాగ్రత్తలన్నీ ఇది గుర్తుంటే వాటంతటవే తెలుస్తాయి.

సరుకుల సంగతి. నాలుగు రోజులకూ కావలసినవి కొండ కింద న్యూటన్ అబాట్ పట్టణంలో కొనేసెయ్. పెద్ద సూపర్‌మార్కెట్లు అక్కడే చివర. కరివేపాకు, ఇంగువ, మినప్పప్పు లాంటివి అక్కడ కూడా వెతకొద్దు, ఇంటి దగ్గర నుంచే సర్దుకో. ఊళ్ళో చిన్న దుకాణం ఉన్నా పెందలాడే మూసేస్తారు. పెట్రోలు కూడా కింద ఉండగానే ట్యాంకు నిండా పోయించు. కొంచెం చిల్లర, నోట్లు దగ్గర పెట్టుకో. సిగ్నల్ పోతే కార్డు మెషిన్లు మొరాయిస్తాయి.

దారి విషయంలో నీ ఫోన్ మాట పూర్తిగా వినకు. దగ్గర దారి చూపిస్తానని అది నిన్ను రెండు పక్కలా ఎత్తయిన మట్టిగట్లున్న సందులోకి తోస్తుంది, అక్కడ నీ కారు, ఎదురుగా ట్రాక్టరు. బోవీ ట్రేసీ నుంచి బి3387 రోడ్డు పట్టుకుని, హేటర్ మీదుగా వెళ్ళు. అది తిన్నగా వైడ్‌కోంబ్‌లో దిగుతుంది. చివరి దిగుడు నిటారుగా ఉంటుంది, తక్కువ గేరులో దిగు. సన్న దారిలో ఎదురుబండి వస్తే, వెడల్పు చోటు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళు వెనక్కి వెళ్ళాలి. వెనక్కి నడపడం చేతకాకపోతే వచ్చే ముందు ఖాళీ పార్కింగ్‌లో సాధన చెయ్యి. దారిచ్చినవాళ్ళకు చెయ్యెత్తడం మరిచిపోకు, ఆ ఊళ్ళో జనం అది గమనిస్తారు. కంచె లేని మూర్ రోడ్ల మీద వేగం గంటకు 40 మైళ్ళు దాటకూడదు. చీకటి పడ్డాక ఇంకా తగ్గించు. గొర్రెలూ గుర్రాలూ రోడ్డు మధ్యలో నిలబడి ఉంటాయి. హారన్ కొడితే కదలవు సరికదా, నీ వంక చూస్తాయి.

ఇక ఇల్లు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకు చిక్కులొచ్చేది ఇక్కడే.

ఇలాంటి ఇళ్ళకు మురుగు చాలావరకు సెప్టిక్ ట్యాంకులోకే పోతుంది. తడి తుడుపు కాగితాలు టాయిలెట్లో వెయ్యొద్దు. గారెలు వేసిన నూనె సింకులో పొయ్యొద్దు, చల్లారాక సీసాలో పోసి చెత్తలో వెయ్యి. నీళ్ళు కొన్ని ఇళ్ళకు ఊటబావి నుంచో బోరు నుంచో వస్తాయి. యజమాని బల్ల మీద ఒక ఫైలు పెట్టి ఉంచుతాడు, సామాను దించిన వెంటనే అది కూర్చుని చదువు. నీళ్ళు, బాయిలరు, చెత్త తీసుకెళ్ళే రోజు, అన్నీ అందులోనే ఉంటాయి.

వంటింట్లో పోపు పెట్టే ముందు కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ వేసి, హాల్లోకి తలుపు మూసెయ్. ఎండుమిరపకాయ మాడిందంటే స్మోక్ అలారం మోగుతుంది, చుట్టుపక్కల నిశ్శబ్దంలో అది అవతలి లోయ దాకా వినిపిస్తుంది. అలాగని బ్యాటరీ మాత్రం తియ్యొద్దు, గడ్డికప్పు కింద పడుకుంటున్నారు. మీ అమ్మ దీపం పెట్టనిదే కాఫీ తాగదు కదా, చిన్న బ్యాటరీ దీపం కొనిపెట్టు. ఒప్పుకోకపోతే సింకు పక్కన రాతిపలక మీద పెట్టుకుని, కొండెక్కేదాకా అక్కడే నిలబడమను. పసుపు మరకల సంగతి వేరే చెప్పాలా? ఆ తెల్ల తువ్వాళ్ళు వంటింట్లోకి రానివ్వకు. మన కత్తిపీట, మన గుడ్డలు తెచ్చుకుంటే ఎవరికీ మాటపడక్కర్లేదు.

కట్టెల పొయ్యి చూసి మీ నాన్న ఉత్సాహపడతారు. బుట్టలో పెట్టిన ఎండుకట్టెలే వాడాలి. బయట ఏరుకొచ్చిన తడికట్టె వేస్తే వేడి రాదు, పొగగొట్టం నిండా మసి పడుతుంది. గడ్డిళ్ళకు అది ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో మొదటి రోజే బటన్ నొక్కి చూసుకో.

ఫోన్ సిగ్నల్ ఒక గదిలో ఉంటే ఇంకో గదిలో ఉండదు. వైఫై కాలింగ్ ఇంటి దగ్గరే ఆన్ చేసుకుని రా. 999కు ‘రిజిస్టర్’ అని మెసేజ్ పంపి, వచ్చిన జవాబుకు ‘యెస్’ అని బదులిస్తే, ఆపదలో మాట వెళ్ళకపోయినా మెసేజ్ పంపే వీలుంటుంది. నీదీ కోడలిదీ రెండూ నమోదు చెయ్యి. మీ నాన్న బీపీ, షుగర్ మందులు రెండు రోజులు ఎక్కువే పెట్టుకో, వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి పర్సులో ఉంచు. పెద్దవాళ్ళకు ప్రయాణ బీమా తీసుకున్నావా? తీసుకోకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడు.

బట్టలు. మీ అమ్మ చీరే కడతానంటుంది. కట్టుకోనీ. లోపల ఉన్ని లెగ్గింగ్స్, కాళ్ళకు చీలమండ దాటే బూట్లు, పైన వానకు తట్టుకునే పొడుగు కోటు ఉంటే చాలు. కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళు పైకి దోపుకోమను, లేకపోతే తడిగడ్డిలో అడుగంచు నాని బరువెక్కుతుంది. గొడుగులు తేవద్దు, ఆ గాలికి నిలవవు.

మూర్ మీద వాన కంటే పొగమంచు చెడ్డది. ఎండ కాస్తుండగానే మబ్బు కిందికి దిగి, ఇరవై అడుగుల అవతల రాయి కూడా కనపడకుండా చేస్తుంది. దారి పోయిందని తెలియగానే ఆగు. కనిపించిన గోడ వెంబడో, వచ్చిన దారి వెంబడో వెనక్కి రా, అడ్డదారి మాత్రం తొక్కకు. అక్టోబరులో ఏడయ్యేసరికి చీకటి, వీధిదీపాలు ఉండవు, అందుకని నడకకు పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం మూడింటికల్లా వెనక్కి తిరగండి. టార్చి జేబులోనే ఉండాలి. ఫోన్లో మ్యాపు ఉన్నా, ఆర్డ్‌నెన్స్ సర్వేవాళ్ళ ఓ.ఎల్. 28 కాగితం మ్యాపు సంచిలో పెట్టుకో. నిజంగా ఇరుక్కుపోతే 999కు ఫోన్ చేసి ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేది జీతగాళ్ళు కాదు, వాలంటీర్లు. మ్యాపు మీద నీ చోటు అంకెల్లో చెప్పగలిగితే వాళ్ళ పని సగం తగ్గుతుంది.

బురద నేల గురించి భయపెట్టను. రోడ్డు పక్క నడకల్లో అది అడ్డం రాదు. దారి వదిలిన చోట, చుట్టూ గోధుమరంగు గడ్డి మధ్యలో పచ్చగా మెరిసే మెత్తటి పాచి కనిపిస్తే, అందంగా ఉందని దాని మీద కాలు పెట్టకు. అంతే.

గుర్రాలు చూసి పిల్లలకన్నా మీ నాన్న ముందు పరిగెత్తుతారు. అవి అడవి గుర్రాల్లా తిరుగుతాయి గానీ ఒక్కోదానికీ యజమాని ఉన్నాడు. వాటికి తిండి పెట్టడం పార్కు నిబంధనల ప్రకారం నిషేధం. ఎవరో బిస్కెట్టు పెట్టడం వల్లే అవి కార్ల దగ్గరికి రావడం మరిగి రోడ్డు మీద చస్తాయి. మీరు వెళ్ళే రోజుల్లోనే రైతులు వాటన్నిటినీ తోలుకొచ్చి, ఎవరివి వాళ్ళు వేరుచేసుకుంటారు. అలాంటి మంద ఎదురైతే కారు ఆపి, ఇంజన్ కట్టేసి కూర్చోండి, చూడదగ్గ వేడుక. ఇక ఆవులు. మీ అమ్మ ఆవు కనిపిస్తే నుదురు ముట్టుకుని కళ్ళకద్దుకుంటుంది. ఇక్కడ దూరం నుంచే దణ్ణం పెట్టమను. దూడ పక్కనున్న ఆవుకు, దానికీ దూడకూ మధ్యలోకి ఎవరొచ్చినా పొడిచే కోపం వస్తుంది. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచు, మూసి ఉంటే నీ వెనక మూసెయ్. రాతిగోడలెక్కి ఫొటోలు దిగొద్దు, సున్నం లేకుండా పేర్చిన రాళ్ళవి.

ఇంటికి రాగానే అందరూ మోకాళ్ళ వెనక, నడుం దగ్గర గోమార్లున్నాయేమో చూసుకోవాలి. పొదల్లో నడిస్తే పట్టుకుంటాయి, వాటి వల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగు. తర్వాత వారాల్లో అక్కడ ఎర్రగా వలయంలా పెరిగితే డాక్టరుకు చూపించు.

ఊళ్ళో ఎదురైనవాళ్ళకు ముందు మీరే ‘మార్నింగ్’ చెప్పండి. వాళ్ళు వాతావరణం గురించి ఏదో అంటారు, మీరూ ఏదో అనండి. అక్కడితో ఆగినా పరవాలేదు, ఒక్కోసారి అరగంట సాగుతుంది. జీతం, ఇంటి ధర మాత్రం అడగొద్దని మీ నాన్నకు చెప్పు. పబ్బులో వంటిల్లు మధ్యాహ్నం రెండింటికి మూస్తారు, మళ్ళీ సాయంత్రం ఆరుకు తెరుస్తారు. ఎనిమిదిన్నర దాటాక భోజనం అడిగితే జాలిగా చూస్తారు. ముందే ఫోన్ చేసి బల్ల చెప్పుకో, శాకాహారులు ఇద్దరున్నారని కూడా చెప్పు. టీతో స్కోన్ ఇస్తే డెవన్‌లో ముందు మీగడ, దాని మీద జాము. పక్కన కార్న్‌వాల్‌లో దీనికి తిరగేస్తారు, ఎవరు ఒప్పో నన్నడగకు, నేను డెవన్ మనిషిని.

చూడ్డానికి రోజుకొక్కటి చాలు. వైడ్‌కోంబ్ చర్చిలోకి వెళ్ళండి, బురద బూట్లు గుమ్మం దగ్గర దులుపుకుని. 1638 అక్టోబరు 21న ప్రార్థన జరుగుతుండగా దాని మీద పిడుగు పడింది. నలుగురు చనిపోయారు, 60 మంది దాకా గాయపడ్డారు. ఆ కథ పద్యాల్లో రాసిన పలకలు గోడకు ఉంటాయి. హేటర్ రాతిగుట్ట కారు పార్కు నుంచి దగ్గరే, పెద్దవాళ్ళు మెల్లగా ఎక్కగలరు. దాని పక్కనే 1820 నాటి ట్రామ్ దారి ఉంది, పట్టాలు కూడా గ్రానైట్ రాళ్ళే. ఆ క్వారీల రాయి 1831లో పూర్తయిన లండన్ బ్రిడ్జికి వెళ్ళింది, తర్వాత ఆ వంతెనను అమెరికావాళ్ళు కొనుక్కుని అరిజోనాలో కట్టుకున్నారు.

మీ నాన్న కోసం మాత్రం హౌండ్ టర్ రాతిగుట్ట కిందున్న పాడుబడ్డ ఊరికి ఒక పూట కేటాయించు. మధ్యయుగాల నాటి ఇళ్ళ పునాదులు అక్కడ గడ్డిలో స్పష్టంగా కనిపిస్తాయి. పొడవాటి ఇల్లు, ఎగువ సగంలో మనుషులు, దిగువ సగంలో పశువులు, పేడనీళ్ళు వాలులోకి పోయేట్టు కాలువ. ఆయన పుట్టిన ఇంట్లో కూడా వసారా చివరే గొడ్లకొట్టం కదా. ఏ గైడూ చెప్పనన్ని విషయాలు ఆయనే చెబుతారు, విను. ప్రిన్స్‌టౌన్ జైలు చూద్దామని అంటారు, కారులోంచి చూపించు చాలు. ఉత్తరాన ఓక్‌హాంప్టన్ వైపు సైన్యం తుపాకీ సాధన చేస్తుంది, ఎర్రజెండా ఎగిరితే ఆ గీత దాటకూడదు. మీరుండే వైపు ఆ బాధ లేదు.

ఒక రోజు వానతో పోతుందని ముందే లెక్కలో వేసుకో. పేకముక్కలు తెచ్చుకోండి.

బయలుదేరే ముందు రాత్రి ఫోన్ చెయ్యి. మ్యాపు కొనకు, నాది ఉంది. ఎక్సెటర్‌లో హైవే దిగి మా ఇంట్లో భోంచేసి వెళ్ళండి, మ్యాపూ రెండు జతల రబ్బరు బూట్లూ ఇస్తాను. మీ అమ్మ కాలి సైజు మెసేజ్ పెట్టు. అది గుంటూరు నుంచి గోంగూర పచ్చడి తెస్తే అందులో సగం నా వాటా అని కూడా చెప్పు.

మీ పెద్దమ్మ