కర్క్యుమిన్ మాత్రలు వాడుతూ హార్మోన్ ఇంజెక్షన్ ఆపేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకడంతో మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. దానివల్ల ఒంట్లో వేడి ఆవిర్లు, విపరీతమైన నీరసం ఉంటున్నాయి. పసుపులోని కర్క్యుమిన్ ‘పీసీ-3’, ‘ఎల్ఎన్‌క్యాప్’ అనే ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను చంపుతుందని చదివాను. ఇంజెక్షన్ ఆపి ఆ మాత్రలు వాడవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇంజెక్షన్ ఆపవద్దు. మీరు చదివింది అబద్ధమేమీ కాదు గానీ, అక్కడ చనిపోయిన కణాలు ఎలాంటివో తెలుసుకోవాలి. పీసీ-3 అనేది 62 ఏళ్ల రోగి ఎముకకు పాకిన కణితి నుంచి తీసి, 1979లో శాస్త్రవేత్తలు వెల్లడించిన కణాల సంతతి. ఎల్ఎన్‌క్యాప్‌ను 1977లో అమెరికాలోని బఫెలో నగరంలో, 50 ఏళ్ల వ్యక్తి మెడ దిగువన ఉన్న లింఫ్ గ్రంథి నుంచి సేకరించారు. నాలుగు దశాబ్దాలు దాటినా ఇవి ప్రపంచమంతటా ల్యాబుల్లో, ప్లాస్టిక్ పాత్రల్లో పోషక ద్రవం మీద పెరుగుతూనే ఉన్నాయి.

పీసీ-3 కణాలకు పురుష హార్మోన్‌ను అందుకునే గ్రాహకం దాదాపు లేదు, అవి ప్రొస్టేట్ క్యాన్సర్ తీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే ప్రోటీన్ అయిన పీఎస్‌ఏను కూడా తయారు చేయవు. అంటే మీ నాన్నగారికి ఇస్తున్న, పురుష హార్మోన్‌ను తగ్గించే చికిత్సను ఆ కణాల మీద పరీక్షిస్తే, అదే పనికిరాని మందుగా తేలుతుంది! ఎల్ఎన్‌క్యాప్‌లో గ్రాహకం ఉంది కానీ, అందులోని ఒక జన్యుమార్పు వల్ల, హార్మోన్‌ను అడ్డుకోవలసిన ఫ్లూటమైడ్ అనే మందు ఆ కణాలను పెంచుతుంది. కొందరు రోగుల్లో ఫ్లూటమైడ్ ఆపగానే పీఎస్‌ఏ ఎందుకు తగ్గుతుందో అర్థం కావడానికి ఈ వింతే తోడ్పడింది కనుక, ఈ కణాలను నేను తక్కువ చేయడం లేదు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే ఎంజాలుటమైడ్ అనే మందు కూడా గ్రాహకాలను పెంచిన ఎల్ఎన్‌క్యాప్ కణాల మీదే ఎంపికైంది. అయితే జంతువుల మీద, ఆపైన రోగుల మీద పరీక్షలు నెగ్గాకే 2012లో అమెరికాలో అనుమతి పొందింది.

కర్క్యుమిన్ ఆ దారిలో అంత దూరం రాలేదు. పాత్రలో కణాలను నేరుగా అందులో ముంచుతారు, నోటితో మింగినప్పుడు మాత్రం రక్తంలోకి చేరేది అతి స్వల్పం. ఆశలు ఎలా తలకిందులవుతాయో విటమిన్-ఇ చూపింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌ను నివారిస్తుందన్న ఆశతో 35 వేల మందికి పైగా పురుషులతో జరిపిన అధ్యయనంలో, అది తీసుకున్నవారికి ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చినట్లు 2011లో తేలింది.

కూరల్లో పసుపు మామూలుగా వేసుకోవచ్చు. గాఢమైన మాత్రలతో, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవాటితో, కొందరికి కాలేయం దెబ్బతింది. ఇతర మందుల ప్రభావం కూడా మారవచ్చు. ఇప్పటికే కొని ఉంటే ఆ డబ్బాను మీ ఆంకాలజిస్టుకు చూపించండి. వేడి ఆవిర్లకు మందులున్నాయి. నీరసానికి రక్తహీనత కారణమేమో పరీక్షించి చూడాలి. ఎముకల పరిస్థితిని బట్టి డాక్టర్ అనుమతిస్తే, రోజూ కాసేపు నడిచినా నీరసం తగ్గుతుంది.