టెక్ సందేహాలు: దీపాలన్నీ వెలిగినా ల్యాన్ వైరు వేగం ఎందుకు అందుకోదు?

ప్రశ్న: మేడ మీది గదికి గోడలోని పైపు గుండా క్యాట్ 6 రకం ల్యాన్ వైరు (ఇంటర్నెట్ కేబుల్) లాగించాము. రౌటరు, కంప్యూటరు రెండూ 1000 ఎంబీపీఎస్ వేగమున్న గిగాబిట్‌వే. ఎలక్ట్రీషియన్ టెస్టరు పెట్టి చూపినప్పుడు ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగాయి. అయినా వేగం 100 ఎంబీపీఎస్ దాటడం లేదు. వైరు మొత్తం మార్చాలా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ముందు రెండు చివర్లలోని ప్లగ్గులను పరిశీలించండి. క్లిప్పు అవతలి వైపుకు, వైరు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అనే వరుస కనిపించాలి. ఆకుపచ్చ జంట (తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ తీగలు) మధ్యలో నీలం జంట దూరడం చాలామందికి వింతగా తోస్తుంది కాబట్టి, ఏ రంగు జంటను ఆ రంగు పక్కనే పెట్టి, రెండు చివర్లా ఒకేలా క్రింప్ చేసేస్తుంటారు (ప్లగ్గులో నొక్కి బిగిస్తారు). మీ ఇంట్లో జరిగింది ఇదేనని నా అనుమానం. టెస్టరు చూసేది ఈ చివర ఒకటో పిన్ను (ఎడమ నుంచి మొదటి తీగ తగిలే లోహపు పలక) ఆ చివర ఒకటో పిన్నుకు కలిసిందా లేదా అన్నంత వరకే గనుక, ఈ తప్పును అది పట్టుకోలేదు.

రౌటరు మాత్రం మూడో పిన్నునూ ఆరో పిన్నునూ ఒక జంటగా, నాలుగునూ అయిదునూ మరో జంటగా వాడుతుంది. జంటలోని రెండు తీగలు ఒకదానినొకటి మెలివేసుకొని సాగితే బయటి నుంచి వచ్చే విద్యుత్ రొద రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి పరికరం ఆ రెండింటి మధ్య తేడానే చదువుతుంది కాబట్టి రొద రద్దయిపోతుంది. టెలిఫోన్ తీగల కోసం అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో పేటెంటు పొందిన ఉపాయమిది. మీ మూడో పిన్నులో ఆకుపచ్చ జంట తీగ, ఆరో పిన్నులో నీలం జంట తీగ ఉంటే ఆ మెలిక ఉన్నా లేనట్టే. గిగాబిట్‌కు నాలుగు జంటలూ సవ్యంగా ఉండాలి. 100 ఎంబీపీఎస్‌కు రెండు చాలు గనుక పరికరాలు చాలా సందర్భాల్లో ఆ వేగానికి దిగిపోతాయి. గోడలోని వైరు జోలికి పోకుండా రెండు ప్లగ్గులూ కోసి, సరైన వరుసలో కొత్తవి క్రింప్ చేయించండి. క్రింపింగ్ దగ్గర మెలికలను అవసరానికి మించి విప్పనివ్వవద్దు. వరుస సరిగ్గానే ఉంటే గోడ నుంచి రౌటరుకు పెట్టిన చిన్న ప్యాచ్ కార్డును మార్చి చూడండి, పాతవాటిలో కొన్నింటికి నాలుగు తీగలే ఉంటాయి.

ప్రశ్న: దుకాణంలో క్యాట్ 6 అని రాసి ఉన్న రెండు కట్టల మధ్య ధరలో చాలా తేడా కనిపించింది. చవకది తీసుకోవచ్చా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: చవకది చాలావరకు అల్యూమినియం తీగకు రాగి పూత వేసినదై ఉంటుంది. దాన్ని పెట్టె మీద సీసీఏ అని చిన్న అక్షరాల్లో రాస్తారు, కొందరు అదీ రాయరు. ఒక తీగను బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు కనిపిస్తుంది; కట్టను చేత్తో ఎత్తితేనే తేలిక తెలుస్తుంది. దీని నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, పైగా నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. ల్యాన్ వైరు ద్వారానే కరెంటు అందుకునే సీసీటీవీ కెమెరాలకు దీన్ని వాడితే వైరు వేడెక్కుతుంది, దూరం పెరిగితే కెమెరా ఆగి ఆగి పనిచేస్తుంది. క్యాట్ 6 ప్రమాణం కోరేది అసలు రాగినే. గోడలో శాశ్వతంగా ఉండిపోయే వైరు దగ్గర పొదుపు చేయడం నాకు సమ్మతం కాదు. కావాలంటే రాగి క్యాట్ 5ఈ తీసుకోండి, 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగానికి అది సరిపోతుంది. కరెంటు వైర్లు వెళ్లే పైపులో మాత్రం వేయించకండి.

ప్రశ్న: ఫోన్ చార్జింగ్ అవుతోంది కానీ కంప్యూటర్‌లో ఫోటోలు కనిపించడం లేదు. (ఒక పాఠకుడు, బళ్లారి)

జవాబు: మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకు రెండు తీగలు, సమాచారానికి రెండు తీగలు ఉంటాయి. పవర్ బ్యాంకులతో వచ్చే కొన్ని కేబుళ్లలో రెండో జంట ఉండదు. వేరే కేబుల్ పెట్టి, ఫోన్ తెర మీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి.