నర్సింగ్ చదువుతున్నా, ఆడపిల్లల ఆరోగ్య హక్కుల మీద పని చేయాలనుంది... యూఎన్ వరకు వెళ్ళొచ్చా?

ప్రశ్న: మేడం, మాది నాగర్‌కర్నూల్ జిల్లా. బీఎస్సీ నర్సింగ్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. లేబర్ రూమ్ పోస్టింగ్‌లో ఉన్నప్పుడు పదిహేడేళ్ళ అమ్మాయి కాన్పుకి వచ్చింది, అక్కడున్న వాళ్ళంతా ఆ అమ్మాయినే తిట్టారు. అప్పట్నుంచి ఆడవాళ్ళ ఆరోగ్యం, హక్కుల మీద పని చేయాలని బాగా ఉంది. యూఎన్‌ఎఫ్‌పీఏ లాంటి వాటిలో జాబ్ ఎలా వస్తుంది? నాన్న జర్మనీ వెళ్ళమంటున్నాడు. ఒక సీనియర్ అక్క లోన్ తీసుకుని లండన్‌లో జెండర్ మాస్టర్స్ చేయమంటోంది. నా ఇంగ్లీష్ అంతంతమాత్రమే. అసలు ఇది కెరీరేనా?

జవాబు: కెరీరే అమ్మా. ముందు ఆ మాట గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే ఇంట్లో వాళ్ళకి "హక్కులు" అనగానే ధర్నాలు గుర్తొస్తాయి, జీతం గుర్తు రాదు. యూఎన్‌ఎఫ్‌పీఏ, అంటే ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, 1969లో మొదలైంది, ఇవాళ నూటయాభై దాకా దేశాల్లో పని చేస్తోంది. 1994లో కైరోలో జనాభా సదస్సు జరిగింది, 179 దేశాలు ఒప్పుకున్నాయి, పిల్లల్ని ఎప్పుడు కనాలి ఎంతమందిని కనాలి అసలు కనాలా వద్దా అనేది ఆ ఆడమనిషి నిర్ణయం, దానికి కావాల్సిన సమాచారం వైద్యం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అని. అంతకుముందు లెక్కంతా జనాభా ఎలా తగ్గించాలి, ఈ ఏడాది ఎన్ని ఆపరేషన్లు అయ్యాయి అనే. ఆ ఒప్పందాన్ని ఊళ్ళ దాకా తీసుకెళ్ళడానికి ముప్పై ఏళ్ళుగా వేలమంది ఉద్యోగాలు చేస్తున్నారు, వాళ్ళలో మన దేశం నర్సులు, లాయర్లు, స్టాటిస్టిక్స్ వాళ్ళు, మందుల సప్లై చూసుకునేవాళ్ళు అందరూ ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం. అక్కడ "ఆడవాళ్ళ మీద నాకు చాలా ఇష్టం, పని చేస్తా" అంటే ఎవరూ జాబ్ ఇవ్వరు. నీకేం పని వచ్చు అని అడుగుతారు. నీకు ఒక పని వచ్చు, కాన్పు చేయడం వచ్చు, ఆ రంగంలో దానికంటే విలువైన పని ఇంకోటి లేదు. దాన్ని పక్కన పడేసి కొత్తగా జెండర్ థియరీ నుంచి మొదలుపెట్టాలనుకోవడమే నీ లెటర్‌లో నాకు భయం వేసిన పాయింట్.

డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో సుమారు 2 లక్షల 60 వేల మంది ఆడవాళ్ళు గర్భం వల్లో కాన్పు వల్లో చనిపోయారు, అంటే రోజుకి ఏడొందల మందికి పైనే. ఎక్కువ భాగం రక్తస్రావం, బీపీ, ఇన్ఫెక్షన్, ఇవన్నీ నువ్వు బుక్స్‌లో చదివినవే, ఆపగలిగినవే. ప్రపంచం మొత్తానికి ఇంకా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌లు, అంటే కాన్పులు చేయడంలో శిక్షణ ఉన్నవాళ్ళు, తక్కువ ఉన్నారని 2021 రిపోర్ట్ చెప్పింది. కాబట్టి నీ చేతిలో ఉన్న డిగ్రీ చిన్నది అనుకోకు.

ఆ పదిహేడేళ్ళ అమ్మాయి దగ్గరికి వద్దాం, ఎందుకంటే నీ కెరీర్ అక్కడే మొదలవుతుంది, న్యూయార్క్‌లో కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రాలో 29.3 శాతం. ప్రతి నలుగురిలో ఒకరు అన్నమాట. అలాంటి అమ్మాయి లేబర్ రూమ్‌కి వస్తే ఆమె చుట్టూ ఎన్ని చట్టాలు ఉన్నాయో చూడు. బాల్య వివాహ చట్టం, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), అబార్షన్ చట్టం అన్నీ ఒకేసారి వస్తాయి. పోక్సో వల్ల పోలీసులకి చెప్పాల్సిందే అని అందరికీ తెలుసు, దానికి భయపడి చాలామంది మైనర్లు ఆస్పత్రికి రాకుండా ఎవరో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు వాడి ప్రాణం మీదకి తెచ్చుకుంటారు. కానీ 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, అబార్షన్ కోసం వచ్చిన మైనర్ గానీ ఆమె గార్డియన్ గానీ కోరితే డాక్టర్ ఆ రిపోర్ట్‌లో అమ్మాయి పేరు వివరాలు బయటపెట్టక్కర్లేదు అని. అదే తీర్పులో పెళ్ళి కాని ఆడవాళ్ళకి కూడా, చట్టంలో చెప్పిన పరిస్థితుల్లో, 24 వారాల దాకా అబార్షన్ హక్కు ఉంటుందని చెప్పింది. నీ వార్డులో ఎంతమందికి ఈ విషయం తెలుసో ఒకసారి అడిగి చూడు.

ఇంకోటి. పద్దెనిమిది నిండిన ఆడమనిషి అబార్షన్‌కి ఆమె సంతకం ఒక్కటే చాలు, భర్త సంతకం చట్టం అడగదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి కూడా గవర్నమెంట్ గైడ్‌లైన్స్‌లో భర్త అనుమతి అక్కర్లేదు. అయినా ఎన్ని చోట్ల "మీ ఆయన్ని తీస్కొచ్చి సంతకం పెట్టించు" అని వెనక్కి పంపుతారో నువ్వు చూసే ఉంటావు. ఆ కౌంటర్ దగ్గర కూర్చున్న నర్సుకి చట్టం తెలిస్తే ఆ రోజు ఆ మనిషికి హక్కు దొరికినట్టు, తెలియకపోతే కైరోలో ఎన్ని దేశాలు సంతకం పెట్టినా ఆమెకి ఒరిగింది ఏమీ లేదు.

మన దగ్గర ఈ పనికి కొరత లేదమ్మా. ఆంధ్రాలో అదే సర్వేలో పెళ్ళయిన ఆడవాళ్ళలో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) చేయించుకున్నవాళ్ళు, మగవాళ్ళ ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే ఎక్కువ. చిన్న వయసులో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు కూడా మన రెండు రాష్ట్రాల్లోనే ఎక్కువ, కూలికి వెళ్ళే ఆడవాళ్ళు "మళ్ళీ మళ్ళీ కడుపునొప్పి ఎందుకు, తీసేద్దాం" అని ఎవరో అంటే ఒప్పేసుకుంటారు, అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి ఆదేశాలు కూడా ఇచ్చింది. ఇవన్నీ హక్కుల విషయాలే. ఫీల్డ్‌లో ఉండి వీటిని చూసి, రాసిపెట్టుకుని, మాట్లాడగలిగిన నర్సుని రేపు ఏ ఇంటర్నేషనల్ సంస్థ అయినా ఇంటర్వ్యూకి పిలుస్తుంది.

అందుకని నా సలహా, డిగ్రీ అవ్వగానే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకుని రెండు మూడేళ్ళు కాన్పులు ఎక్కువ జరిగే చోట పని చెయ్యి, ప్రభుత్వ ఆస్పత్రి అయితే మరీ మంచిది, స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్ వస్తే రాయి, లేకపోతే పల్లె దవాఖానాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులు పడుతుంటాయి. తర్వాత నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని 18 నెలల ట్రైనింగ్ ఉంది, కేంద్రం 2018లో గైడ్‌లైన్స్ ఇచ్చింది, దానికంటే ముందే 2017లో తెలంగాణ గవర్నమెంట్ హైదరాబాద్ ఫెర్నాండెజ్ హాస్పిటల్ వాళ్ళతో కలిసి మొదలుపెట్టింది. దానికి కాన్పులు చేసిన అనుభవం అడుగుతారు కాబట్టి ముందు చెప్పిన రెండేళ్ళు వృథా కావు. సహజ కాన్పు, తల్లి మాట వినడం, గౌరవంగా చూడడం, నువ్వు ఆ రోజు లేబర్ రూమ్‌లో లేదని బాధపడ్డావే, అదే ఆ కోర్స్‌లో నేర్పే పని.

ఆ తర్వాత మాస్టర్స్. పబ్లిక్ హెల్త్‌లో ఎంపీహెచ్ నీకు సరిగ్గా సరిపోతుంది, హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లో ఉంది, ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉంది. నీకు లెక్కలంటే ఇష్టమైతే ముంబైలోని ఐఐపీఎస్ (జనాభా మీద చదువు చెప్పే సంస్థ) చూడు, నేను పైన చెప్పిన సర్వే నడిపేది వాళ్ళే, డేటా చదవగలిగిన నర్సులు మన దేశంలో చాలా తక్కువ, అది నీకు పెద్ద ప్లస్ అవుతుంది. అర్హతలు ఏ ఏటికి ఆ ఏడు నోటిఫికేషన్‌లో చూసుకో. (ఇది చదువుతున్న లా స్టూడెంట్స్ కూడా ఉంటారు, మీకూ ఈ రంగంలో చోటు ఉంది. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ కుటుంబ నియంత్రణ క్యాంపులో ఆడవాళ్ళు చనిపోయారు గుర్తుందా, ఆ క్యాంపులు ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది అంటే ఒక కార్యకర్త పిటిషన్ వేసింది కాబట్టి, లాయర్లు ఏళ్ళ తరబడి వాదించారు కాబట్టి.)

లండన్ లోన్ సంగతి... వద్దు. ఇప్పుడు వద్దు. అనుభవం లేకుండా ముప్పై లక్షల అప్పుతో ఏడాది మాస్టర్స్ చేస్తే అక్కడ జాబ్ దొరకదు, తిరిగొచ్చి ఎన్జీవోలో చేరితే నేను చూసినంతవరకు మొదట్లో పాతిక ముప్పై వేలే వస్తాయి, ఈఎంఐ కూడా కట్టలేవు, అప్పుడు ఈ రంగమే వదిలేసి వెళ్ళిపోతావు. రెండేళ్ళు పని చేశాక చెవెనింగ్‌కి, అంటే బ్రిటన్ గవర్నమెంట్ స్కాలర్‌షిప్‌కి, అప్లై చెయ్యొచ్చు, వాళ్ళు ఆ అనుభవమే అడుగుతారు, ఫీజు ఖర్చులు అన్నీ వాళ్ళవే. మీరు ఎస్సీ ఎస్టీ అయితే తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, ఆదాయం లిమిట్లు చూసుకో.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. 2025లో అమెరికా తన విదేశీ సాయం చాలావరకు ఆపేసింది, యూఎస్‌ఎయిడ్ మూతపడింది, యూఎన్‌ఎఫ్‌పీఏకి ఇచ్చే డబ్బు కూడా ఆగింది, ప్రపంచమంతా ఈ రంగంలో ఉద్యోగాలు పోయాయి. మన దేశంలో 2020 తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రూల్స్ గట్టిపడి చిన్న సంస్థలకి విదేశీ నిధులు కష్టమయ్యాయి. అందుకే నీకు లైసెన్స్ ఉన్న వృత్తి వదలొద్దని ఇంతగా చెప్తున్నా. ప్రాజెక్ట్ ఆగిపోయినా నర్సుకి నర్సు పని ఉంటుంది.

యూఎన్‌లో నేరుగా ఆఫీసర్ పోస్టులకి మామూలుగా మాస్టర్స్ ప్లస్ కనీసం రెండేళ్ళ అనుభవం కావాలి. దానికంటే ముందు యూఎన్ వాలంటీర్స్ అని ఉంది, పేరు వాలంటీర్ అయినా నెలనెలా ఖర్చులకి డబ్బిస్తారు, మన దేశంలోనే పోస్టింగ్‌లు ఉంటాయి, వాళ్ళ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ పెట్టుకో. ఒకటి గుర్తుంచుకో, యూఎన్ వాళ్ళు ఏ దశలోనూ డబ్బు అడగరు, అప్లికేషన్ ఫీజు, వీసా ప్రాసెసింగ్, ట్రైనింగ్ డిపాజిట్ అని ఎవరన్నా అడిగితే అది మోసమే, మన అమ్మాయిలు చాలామంది ఇలా పోగొట్టుకున్నారు.

ఇక నాన్న. జర్మనీ ఆలోచన తప్పేం కాదమ్మా, ఆయన నీ బాగు కోసమే అంటున్నాడు, టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలకి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) ద్వారా తెలంగాణ నుంచి నర్సులు వెళ్తున్నారు కూడా. జర్మన్ భాష బీ2 లెవల్ దాకా నేర్చుకోవాలి, దానికి ఏడాది పైనే పడుతుంది. అప్పులు ఉన్న ఇల్లైతే నేను జర్మనీకే ఓటేస్తా, నాలుగేళ్ళు సంపాదించి వచ్చి ఎంపీహెచ్ చదివినా నీ వయసు ముప్పై లోపే ఉంటుంది, దారి మూసుకుపోదు. అప్పులు లేకపోతే మాత్రం ఇక్కడే మొదలుపెట్టు. నాన్నతో "హక్కులు" అని మొదలుపెట్టకుండా "నాన్నా, నాకు మూడేళ్ళు టైమ్ ఇవ్వు, స్టాఫ్ నర్స్‌గా జీతం తెస్తూనే మిడ్‌వైఫరీ చేస్తా, అప్పటికీ కుదరకపోతే జర్మన్ నేర్చుకుంటా" అని లెక్కతో చెప్పు. ఈ మూడేళ్ళలో పెళ్ళి మాట వస్తుంది, అది నాకూ తెలుసు, ఆ మాట కూడా ఇదే రోజు మాట్లాడెయ్యి, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని.

ఇంగ్లీష్ గురించి దిగులు పడకు, నీకు కావాల్సింది రెండు పేజీల రిపోర్ట్ తప్పుల్లేకుండా రాయడం. పోస్టింగ్‌లో చూసిన ఒక్కో కేసు, పేరు ఊరు లేకుండా, వారానికోసారి ఇంగ్లీష్‌లో పది లైన్లు రాసి మీ కాలేజీ మేడంకి చూపించు. ఐఈఎల్‌టీఎస్ మాత్రం ఇప్పుడే రాయకు, ఆ స్కోర్ రెండేళ్ళే చెల్లుతుంది, అప్లై చేసే ఏడాది రాసుకుందువు.